అద్దెకున్నవాడి తియ్యని మాటలు

పెళ్ళయిన పదకొండేళ్ళలో మా ఆయన నాతో పట్టుమని పది మాటలు ఒకేసారి మాట్లాడింది లేదు. "లంచ్ ప్యాక్ చేశావా", "ట్రాష్ తీశాను", లేదంటే ఒక "ఊఁ". అమెరికాలోని ఈ సన్నీవేల్ వచ్చాక ఆ "ఊఁ" కూడా ల్యాప్‌టాప్ వైపు చూస్తూనే. అలాంటి మనిషిని ఇక్కడి తెలుగువాళ్ళు వేసే పాత హాస్యనాటకంలో మాటకారి వేషానికి ఎంచుకున్నారని తెలిసి మొదట నవ్వుకున్నాను.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. అది ఒక అద్దెదారు వేషం. ఇంటి యజమానురాలిని మాటలతో బుట్టలో వేసి, పెళ్ళాడి, ఇల్లు కాజేయాలని చూస్తుంటాడు. యజమానురాలిగా వేసేది ఈ మధ్యే ఊళ్ళోకి వచ్చిన ఒక టెస్టింగ్ ఇంజనీర్. ఇంకా పెళ్ళి కాలేదు.

ఇంట్లో ప్రాక్టీసుకి ఆమె డైలాగులు నేను చదవాలి. నేను బెండకాయలు తరుగుతూ చదివితే, ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసుకున్న తన డైలాగులను ఫోన్‌లో చూస్తూ అప్పజెప్పేవాడు. "మీరు తలుపు తీసిన చప్పుడు వింటే చాలు, నాకు సగం ఆకలి తీరిపోతుంది." నేను తలుపు తీస్తే ఏనాడైనా తల తిప్పి చూశావా అని అడిగాను. కొంచెం ఫాస్ట్‌గా చదవమన్నాడు.

రిహార్సల్స్ ఆదివారాలు ఒక స్నేహితుడి గరాజ్‌లో, కార్లు బయట పెట్టేసి. ఒక వారం పులిహోర చేసుకుని వెళ్ళాను. పులిహోర వంకే, వెళ్ళింది చూడటానికి. నా దగ్గర ఫోన్ చూస్తూ అప్పజెప్పిన మాటే అక్కడ ఆమె కళ్ళలోకి చూస్తూ చెప్పాడు. ఆమె నవ్వింది. నవ్వాల్సిన చోటే నవ్వింది, అయినా నాకు ఒళ్ళు మండిపోయింది.

నాటకం చేయిస్తున్నది కూతురి దగ్గర ఆర్నెల్లు ఉండడానికి వచ్చిన ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు. ఈ అద్దెకున్నవాడికి ఇంత తియ్యగా మాట్లాడటం ఎలా వచ్చిందని ఆయన్ని అడిగాను. ఎవరి గురించి అడుగుతున్నానో ఆయనకు తెలియదు.

"తియ్యగా మాట్లాడుతున్నాడంటే ఏదో దాస్తున్నట్టేనమ్మా. నాటకం మొత్తంలో వీడు చెప్పే నిజం ఒక్కటే. వంటావిడతో 'అన్నం పెట్టు' అంటాడు చూడు, అదే. నిజం చెప్పడానికి రెండు మాటలు చాలు."

ఆ మాటతో నా ప్రాణం కుదుటపడింది. ఆ తర్వాత రెండు వారాలు మా ఆయన ముక్తసరిగా ఏమన్నా మురిసిపోయాను. ఆమెకు దక్కేదంతా నాటకమేనని, అసలు మనిషి నాతోనే ఉన్నాడని అనుకున్నాను.

మూడో ఆదివారం రెండు గంటలకు రిహార్సల్ అని వెళ్ళాడు. నాలుగింటికి మాస్టారు ఫోన్ చేశారు. తన గొంతు బాగాలేక ఆ రోజు రిహార్సల్ మానేశామని, వాళ్ళిద్దరూ మాత్రం ఆ అమ్మాయి అపార్ట్‌మెంట్‌లో డైలాగులు చూసుకుంటామన్నారని చెప్పి, ఇంటికొచ్చాడా అని అడిగారు. ఇంకా రాలేదన్నాను.

ఆరు గంటలకు వచ్చాడు. రిహార్సల్ ఎలా జరిగిందని మాత్రమే అడిగాను. బూట్లు విప్పి నేరుగా వంటింట్లోకి వచ్చి, నా పక్కన నిలబడ్డాడు. ఫోన్ చేతిలో లేదు.

"మాస్టారు ఇవాళ ఒకే సీన్ పదిసార్లు చేయించారు. నాకు మాత్రం ప్రతిసారీ నువ్వే చదువుతున్నట్టు అనిపించింది. అక్కడ ఎవరు మాట్లాడినా నీ గొంతే వినిపిస్తోంది, తెలుసా?"

ఇంత పొడుగు మాట నాకోసం ఎప్పుడూ చెప్పలేదు. వినడానికి ఎంత బాగుందో చెప్పలేను. మాస్టారు ఫోన్ చేశారని అప్పుడే అనేయాల్సింది. ఆయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు, నేను వింటూనే ఉన్నాను. వింటున్నంతసేపూ ఒక్కటే ఆలోచన: ఆమెతో ఇవాళ ఇన్ని మాటలు మాట్లాడి ఉండడు. సోఫాలో కూర్చుని, "ఆకలేస్తోంది" అని ఉంటాడు. ఆ ఒక్క మాటకు నేను కుళ్ళుకున్నంతగా నాటకంలోని డైలాగులన్నిటికీ కలిపి కూడా కుళ్ళుకోలేదు.