బావ పద్యాల పెట్టె

మిరపకాయలు కళ్లాల్లో ఎండుతున్న రోజుల్లో అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, మీ బావ పద్యాలు మా ఇంట్లో టీవీలో వచ్చేట్టు ఏదన్నా చెయ్యి. ఆ గొంతు వినక నాకు పిచ్చెక్కుతోంది" అంది.

మా బావ వినుకొండకి ఇవతల ఓ పల్లెలో పత్తీ మిరపా వేసే రైతు. పొలం పనులు తెమిలాక పద్యనాటకాలు ఆడేవాడు. చుట్టుపక్కల తిరునాళ్లలో రాజు వేషం అంటే ఆయనదే. పద్యం చివర రాగం ఎత్తుకున్నాడంటే బీడీలు వెలిగించబోయినవాళ్లు కూడా ఆగిపోయేవారు. జనం "వన్స్‌మోర్" అని కేకేస్తే, పద్యం మళ్లీ మొదటినుంచి పాడేవాడు. ఆ కేక పడని రోజు ఇంటికొచ్చి అన్నం ముందు ముభావంగా కూర్చునేవాడు.

అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. గుంటూరులో ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు గానీ, మాట పోయింది. ఇప్పుడు మెడకున్న రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటాడు. మిరప ఘాటు లోపలికి పోకుండా దానికి అడ్డంగా పల్చటి గుడ్డ కట్టుకుంటాడు. ఏం కావాలన్నా సైగలే. ఎక్కడన్నా మైకులో పద్యం వినిపిస్తే మాత్రం లేచి దూరంగా వెళ్లిపోతాడు.

"ఆయనకి ఇష్టమేనా మరి?" అని అడిగాను.

"ఆయన్నడిగితే వద్దనే అంటారు. నాకు కావాలి" అంది అక్క.

బావ నాటకాలు ఒకచోట ఉంటేగా. కొన్ని పాత వీడియో క్యాసెట్లు, కొన్ని గీతలు పడ్డ సీడీలు, కొన్ని ఎవరెవరి ఫోన్లలోనో ఉన్నాయి. క్యాసెట్లని తెలిసిన స్టూడియోలో ఫైళ్లుగా మార్పించాను. అన్నీ ఒకచోట దాచి, రిమోట్ నొక్కితే వరసగా టీవీలో కనపడేట్టు ఓ చిన్న కంప్యూటర్ నేనే బిగిద్దామనుకున్నాను. రెడీమేడ్‌గా దొరికేదానికి ఈ తంటాలేమిటని తాడేపల్లిలో మా ఇంట్లోవాళ్లు నవ్వారు. బయట కొన్నది పాడైతే విప్పి చూసే వీలుండదు, నేను బిగించింది నేను విప్పగలను అన్నాను. నిజానికి అలాంటివి బిగించడం నాకు సరదా. స్క్రూడ్రైవర్ చేతిలో ఉంటే నన్ను భోజనానికి పిలవడం దండగ అని మా ఆవిడ ఎప్పుడో తేల్చేసింది.

అయితే ఈసారి సరదా ఒక్కటే కాదు. బావ గొంతు వినపడేటప్పుడు పక్కన ఫ్యాన్ గుయ్యిమంటే నాకు నచ్చదు. అందుకని చిన్న బోర్డు, తక్కువ కరెంటు తాగే ప్రాసెసర్, చాలా నెమ్మదిగా తిరిగే ఫ్యాను చూసి ఏరుకున్నాను. ఫైళ్లకి పెద్ద డిస్కు పెట్టాను. అన్నీ అమర్చి ఆన్ చేసి చెవి ఆనించి విన్నాను. చప్పుడే లేదు. గర్వంగా అనిపించింది.

పెట్టె తీసుకెళ్లి అక్క వాళ్ల టీవీ కింద పెట్టాను. అక్క దానికి బొట్టు పెట్టి, ముందు కొబ్బరికాయ కొట్టింది. నీళ్లు చిందకుండా నేను చెయ్యి అడ్డం పెట్టాను. "ఇక్కడ గాలి నిండా మిరప దుమ్మే. లోపలికి పోకుండా చూసుకో" అని చెప్పి, కాళ్లు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్లాను.

నేనొచ్చేసరికి బావ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఏం పెడుతున్నామో ఆయనకి తెలియదు. అక్క రిమోట్ నొక్కమంది, నొక్కాను. తెర మీద కిరీటంతో బావ వచ్చాడు.

ఆయన వెంటనే లేచాడు. అక్క "ఏవండీ" అంది. వినిపించుకోకుండా గుమ్మం దాకా వెళ్లి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఆపేద్దామని నేను రిమోట్ ఎత్తాను. అక్క నా చెయ్యి పట్టుకుని వద్దంది. ఆవిడ కళ్లు టీవీ మీదే ఉన్నాయి. నాకు తప్పు చేస్తున్నట్టే ఉంది. తెర మీద పద్యం సాగి సాగి, చివరి రాగం దగ్గరికొచ్చింది. రాగం పైకి లేచింది.

అక్కడ టీవీ తెర నల్లబడిపోయింది. పెట్టె ఆగిపోయింది.

నేను కంగారుగా టీవీ వెనక వైర్లు కదిపాను. బావ గిరుక్కున తిరిగి వచ్చాడు. పద్యాన్ని అలా గాల్లో వదిలెయ్యడం ఆయన జన్మలో ఎరగడు. వంగి పెట్టె మీద చెయ్యి వేసి, చురుక్కుమన్నట్టు వెనక్కి తీశాడు. అప్పుడు చూశాను. పెట్టె చుట్టూ ఎర్రటి వెల్వెట్ గుడ్డ తొడిగి, గాలి చొరకుండా కింద నాడా కట్టి ఉంది. ఆ ఇంట్లో ఫ్రిజ్ నుంచి మిక్సీ దాకా దేనికైనా తొడుగు ఉంటుంది. అక్క దీనికీ ముందే ఒకటి కుట్టి ఉంచింది, దుమ్ము పోకుండా చూసుకోమన్నానని నేను పెరట్లోకి వెళ్లగానే తొడిగింది. ఊపిరాడక పెట్టె వేడెక్కి తనంతట తను ఆగిపోయింది.

బావ నాడా విప్పి గుడ్డ లాగాడు. అంచుకి జరీ ఉంది. అది ఆయన రాజు వేషం అంగీ. ఆస్పత్రి నుంచి వచ్చాక ఎవరికన్నా ఇచ్చెయ్యమని సైగ చేశాడట.

"ఇవ్వబుద్ధి కాలేదండీ. ఈ పెట్టెకైనా పనికొస్తుందని కత్తిరించా" అంది అక్క నేల చూస్తూ.

ఆయన గుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. పెట్టె చల్లారేదాకా ఆగాం. తర్వాత ఆన్ చేశాను. ఆగిన చోటునుంచా, మొదటినుంచా అని తెర మీద అడిగింది. ఆయన్ని ఎక్కువసేపు బాధపెట్టడం ఎందుకని, ఆగిన చోటునుంచి పెట్టబోయాను.

బావ నా మణికట్టు పట్టుకుని ఆపాడు. రెండో చేత్తో ఒక వేలు పైకెత్తి చూపించాడు. ఆపెయ్యమంటున్నాడనుకుని నేను రిమోట్ కింద పెట్టేశాను.

అక్కకి అర్థమైంది. నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. "వన్స్‌మోర్ అంటున్నార్రా. మొదట్నుంచి పెట్టు" అంది.