పైన ఎడమవైపు మచ్చ

ఇరవై ఆరేళ్లుగా జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. దయ్యాలన్నా, దిష్టి అన్నా క్లాసులోనే నవ్వేసేవాణ్ణి. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పబోవడం లేదు. నేను చూసింది ఒక మచ్చని.

మాది పటమట. ఆదివారాలు కెమెరా తీసుకుని పామర్రు వైపు పొలాల్లోకి వెళ్లడం నాకు పాత అలవాటు. ఏడేళ్ల క్రితం చలపతి కూడా నాతో రావడం మొదలుపెట్టాడు. బ్యాంకు ఉద్యోగి, ఇల్లు భవానీపురంలో. నాకంటే పదేళ్లు చిన్న. షట్టర్ అంటే ఏమిటో అతనికి నేర్పింది నేనే.

మూడేళ్లు తిరిగేసరికి నన్ను దాటిపోయాడు. ఒకే కాలవగట్టు మీద పక్కపక్కనే నిలబడి తీసేవాళ్లం. అదే మంచు, అవే కొంగలు. అతని ఫొటో దగ్గర జనం ఆగిపోయేవారు. నాది చూసి, "బావుందండీ" అని ముందుకెళ్లేవారు.

పోయినేడాది ఒక రైస్ మిల్లువాళ్లు తమ క్యాలెండర్‌కి పన్నెండు ఫొటోలూ అతనివే తీసుకున్నారు. మా ఆవిడ ఆ క్యాలెండర్‌ని వంటింట్లో తగిలించింది. రోజూ దాని ఎదురుగానే కాఫీ తాగాలి. నెల మారితే పేజీ నేనే తిప్పేవాణ్ణి, కొత్త ఫొటోలో ఏదైనా లోపం దొరుకుతుందేమోనని. ఒక్క నెల కూడా దొరకలేదు.

ఒక శనివారం సాయంత్రం చలపతి కెమెరాతో మా ఇంటికి వచ్చాడు. ఫొటోల్లో ఆకాశం మీద మచ్చలు పడుతున్నాయన్నాడు. మర్నాడు పోటీకి పంపే ఫొటో తియ్యాలట. సెన్సార్ ముట్టుకోవాలంటే తనకు భయమనీ, నన్నే తుడిచిపెట్టమనీ అడిగాడు.

లెన్స్ మార్చేటప్పుడు దుమ్ము లోపలికి పోయి, బొమ్మ పట్టే సెన్సార్ పలక మీద కూర్చుంటుంది. లెన్స్ కంతని, అంటే అపెర్చర్‌ని, బాగా తగ్గించి ఆకాశాన్ని తీస్తే ప్రతి ఫొటోలోనూ అదే చోట బూడిదరంగు మచ్చలా కనిపిస్తుంది. మా హాల్లో తెల్లగోడని తీసి చూశాను. మూడు మచ్చలున్నాయి. గాలి కొట్టి, తడి స్వాబ్‌తో తుడిస్తే రెండు పోయాయి. మూడోది ఫొటోలో పైన ఎడమవైపు, కొద్దిగా వంగిన కామాలా ఉంది.

ఇంకొక్కసారి తుడిస్తే అదీ పోయేది. స్వాబ్ చేతిలోనే ఉంది. తుడవలేదు. లెన్స్ బిగించి, అయిపోయిందని కెమెరా అతని చేతికిచ్చాను. టీ తాగి, థాంక్సు చెప్పి వెళ్లాడు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.

ఆ ఆదివారం నేను వెళ్లలేదు. సోమవారం ఫొటోలు పంపాడు. పామర్రు పొలాల మీద సూర్యోదయం, ముప్పాతిక భాగం ఆకాశమే. ఫోన్లో ఎడమ మూలని పెద్దది చేసుకుని చూశాను. మచ్చ లేదు. పోటీకని దాచిన ఒరిజినల్ ఫైళ్లు కూడా అడిగి తెప్పించుకున్నాను. వాటిలోనూ లేదు. దుమ్మే కదా, దానంతటదే రాలిపోయి ఉంటుందనుకున్నాను.

మరుసటి ఆదివారం బీరువాలోంచి నా కెమెరా తీశాను. రెండు వారాలుగా దాన్ని ముట్టుకోలేదు, లెన్స్ ఊడదియ్యలేదు. తీసిన మొదటి ఫొటోలోనే, పైన ఎడమవైపు, అదే వంగిన కామా.

తుడిచాను. పోలేదు. లెన్స్ మార్చాను. పోలేదు. సర్వీసు సెంటర్లో ఇస్తే శుభ్రం చేసి, వాళ్లే ఫొటో తీసి చూపించారు. మచ్చ లేదు. బయటికొచ్చి షాపు మెట్ల మీద నిలబడి నేను తీశాను. ఉంది. మూలన పడేసిన పాత కెమెరాతో తీసినా ఉంది.

చివరికి ఒక ఉదయం, బాగా ఎండెక్కాక, కాలవగట్టు మీద చలపతి చేతికి నా కెమెరా ఇచ్చి తియ్యమన్నాను. మచ్చ లేదు. అదే కెమెరా, అదే ఆకాశం, నేను తీస్తే ఉంది. అతని కెమెరాతోనూ అంతే. ఒకరి తర్వాత ఒకరం చెరో పదిసార్లు తీశాం.

అప్పుడు చెప్పేశాను. ఆ శనివారం కావాలనే వదిలేశానని, ఎందుకు వదిలేశానో కూడా.

"మచ్చ ఉందని నాకు ఆ సాయంత్రమే తెలుసు మాష్టారూ," అన్నాడు చలపతి. "ఇంటికెళ్లి గోడని ఫొటో తీసి చూశానండి. మీకు చూపు తగ్గిందేమో, అడిగితే బాధపడతారని ఊరుకున్నాను."

మరి ఎవరు తుడిచారని అడిగాను.

"ఎవరూ ముట్టుకోలేదండి. పొద్దున పామర్రులో తీసేసరికి లేదు."

నేను బాధపడకూడదని ఊరుకున్నాడన్న మాటకి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తిరిగొచ్చేటప్పుడు కారు అతనే నడిపాడు. పై ఆదివారం కూడా, ఎప్పటిలాగే పొద్దున్నే వచ్చి హారన్ కొట్టాడు.

అది నా అసూయేనని అనుకుంటే సులువు. కానీ ఒప్పుకున్నాక పోవాలి కదా, పోలేదు. అసూయ పోయిందని కూడా చెప్పను, అబద్ధమవుతుంది. దుమ్మయితే తుడిస్తే పోవాలి. నా చూపుదే లోపమయితే నాకొక్కడికే కనిపించాలి. కానీ ప్రింటు చూసిన ప్రతివాళ్లూ దాన్ని గోటితో గీకి చూస్తున్నారు.