పోయొస్తానన్న మాట

ఆ నాటకాల కంపెనీలో అందరూ అతన్ని గుసగుస అనే పిలిచేవారు. పక్కతెర చాటున నిలబడి, నటులు మరిచిపోయిన మాటలు అందించడం అతని పని. అతను లేనిదే హీరో వేషగాడికి పూట గడవదు. ఆ మహానుభావుడికి సొంత పేరు తప్ప ఏదీ గుర్తుండదు. చెవిన పడ్డది మాత్రం పొల్లుపోకుండా అప్పజెబుతాడు.

ఈసారి కట్టిన నాటకం కొండజనం గురించి. అక్కతో తగువు పడి కొండ దిగిన తమ్ముడి కథ. దర్శకుడు కొండ మొహం చూసినవాడు కాడు. అయినా అందరి నెత్తినా కోడి ఈకలు గుచ్చి, మాటకు ముందోసారి, వెనకోసారి "హుయ్" అనమన్నాడు. గుసగుస పళ్ళ బిగువున నవ్వాపుకున్నాడు. అతను పుట్టింది కొండమీదే. చెబితే తన నెత్తినా ఈకలు గుచ్చుతారని ఎవరికీ చెప్పలేదు. అసలు కారణం సిగ్గు, అది వేరే సంగతి.

అతనికీ ఒక అక్క ఉంది. కుర్రతనంలో, మేకలు కాయనని ఆమెతో గొడవపడి దిగొచ్చేశాడు. వాళ్ళ భాషలో గడప దాటేవాడు 'పోయొస్తాను' అనాలి. ఉత్త 'పోతాను' అంటే ఇక తిరిగి చూడనని అర్థం. కోపంలో అతను ఆ ఉత్త మాటే అనేశాడు. అక్క అది మనసులో పెట్టేసుకుంది. ఆ తర్వాత ఎన్ని కబుర్లు పంపినా "పోయాడుగా" అన్న జవాబే వచ్చేది.

మొదటి ప్రదర్శన నాడు, పత్రికలవాళ్ళు ఫొటోలు తీస్తారని, దర్శకుడు కొండవాళ్ళని తెచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. గుసగుస తెర సందులోంచి తొంగిచూశాడు. నడిమి కుర్చీలో అక్క! జుట్టు నెరిసింది గానీ ముక్కుమీది కోపం చెక్కుచెదరలేదు. తనని గుర్తుపడితే గుట్టు రట్టవుతుంది. గుర్తుపట్టకపోతే అక్క మళ్ళీ ఇంత దగ్గరగా దొరకదు. ఏది కావాలో అతనికే తెలియలేదు.

ఈకల హీరో రంగం మీదికి రాగానే అక్క తమ భాషలో పైకే అంది, "పాపం, ఎన్ని కోళ్ళు పోయాయో!"

ముందు వరుసంతా పకపకా నవ్వింది. తెర చాటున ఇంకొకడు కూడా నవ్వి నాలిక్కరుచుకున్నాడు. ఆ నవ్వుకి అక్క తల చటుక్కున ఇటు తిరిగింది.

విడిపోయే ఘట్టం వచ్చింది. హీరో "అక్కా..." అని నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. పుస్తకంలో ఉన్నది 'నేను పోతాను'. దాన్ని అందించడానికి గుసగుసకి నోరు రాలేదు. ఒకసారి అన్నది చాలదా? అతని నోట వచ్చింది 'పోయొస్తాను', అదీ సొంత భాషలో. హీరో అర్థం తెలియకుండానే హాలు దద్దరిల్లేలా అనేశాడు.

అక్క లేచి నిలబడింది. హీరోని దాటి తెర వంక చూస్తూ, అందరికీ అర్థమయ్యే భాషలోనే అరిచింది.

"ఒరేయ్! ఇన్నేళ్ళకి ఆ ఒక్క మాటా ఈకలోడితో అనిపిస్తావేంట్రా? బయటికి రా!"

గుసగుస పుస్తకం పట్టుకునే వెలుతుర్లోకి వచ్చాడు. ఇదీ నాటకమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్ళూ అందరికీ మాటలందించినవాడికి గొంతు పెగల్లేదు. హీరో అతని చెవి దగ్గరికి వంగి, జీవితంలో మొదటిసారి గుర్తుపెట్టుకున్న మాటని మెల్లగా అందించాడు.

"పోయొస్తానక్కా," అన్నాడు గుసగుస ఏడుస్తూ.

"పోవడం ఎప్పుడో అయిందిగా," అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ. "ఇక వచ్చెయ్."