తాత కుర్చీలో ముఖ్యమంత్రి

మా ముత్తాత వీధిలోకి వస్తే అరుగుల మీదివాళ్లు లేచి నిలబడేవారు. మా తాత తన టేకు కుర్చీలో కూర్చుని తీర్పు చెబితే దొర్నిపాడు దాకా ఎదురు మాట లేదు. వాళ్ల వారసుడినైన నేను, ఒక కాఫీ చల్లారేలోగా, ముఖ్యమంత్రి చేత మా ఊరి నీళ్లకే ఎసరు పెట్టించాను. నవ్వాలనిపిస్తే కాస్త మర్యాదగా నవ్వండి.

అప్పుడు నాకు వయసు తక్కువ, మెడ బిరుసు ఎక్కువ. పొలాలు చాలావరకు పోయి, కాలువ చివర ఒక్క మిరపచేను మిగిలింది. దానికి నీళ్లు రాక ఆకులు ముడుచుకుంటున్నాయి. అలాంటప్పుడు తహసీల్దారు చేతులు కట్టుకుని వచ్చాడు.

"ముఖ్యమంత్రిగారు ఆళ్లగడ్డలో శిల్పాలు చూసి ఇట్లనే వస్తాండారు సార్. మీ ఇంట్లో కాఫీ తాగాల."

"మా ఇల్లే ఎందుకప్పా?"

"ఇంకెవురిల్లు సార్? వంశమంటే మీది!"

ఆ మాటతో నా వెన్ను ధ్వజస్తంభమైంది. నా భార్య సుభద్ర మాత్రం కరగలేదు.

"వంశం తర్వాత. సేను ఎండిపోతాంది. నీళ్లడుగు."

"అడుగుతాలేవే!"

అద్దం ముందు నిలబడి సాధన కూడా చేశాను.

ముఖ్యమంత్రి వచ్చారు. తాత కుర్చీలో కూర్చున్నారు. కాఫీ ఒక గుక్క తాగి, ఆయనే అడిగారు.

"ఏం బాబూ, కాలువ నీళ్లు అందుతున్నాయా?"

ఇంటికొచ్చిన అతిథి ముందు కష్టం చెప్పుకోవడం మా ఇంట్లో దొంగతనంతో సమానం. నా నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది.

"మీ దయవల్ల ఏ లోటూ లేదండీ."

తలుపు వెనక సుభద్ర గట్టిగా దగ్గింది.

"అమ్మాయికి దగ్గులా ఉందే?"

"పొయ్యి పొగండీ." మా ఇంట్లో ఉన్నది గ్యాసు పొయ్యి.

"మొహమాటం వద్దు. నిజంగా చాలుతున్నాయా?"

"చాలడమేమిటండీ, మిగులుతున్నాయి!"

ఆయన సంబరపడి అధికారుల వైపు తిరిగారు. "విన్నారా? మిగిలిన నీళ్లు పక్క కాలువకు తిప్పండి!"

తహసీల్దారు అప్పుడే రాసుకున్నాడు. కార్లు కదులుతుంటే వాడి చెయ్యి పట్టుకున్నాను.

"ఇదేందప్పా, ఇట్లాయె?"

"ఏం జేస్తాం సార్? ఈ మండలంలో యాడికి పోయినా నీళ్లు రాలేదనే అంటారు. అతిథి ముందర కష్టం చెప్పని ఇల్లు ఇదొక్కటే. ఎతుక్కోని వచ్చినా."

సుభద్ర ఒకటే అడిగింది. "ఇంగ వంశాన్ని తీస్కపోయి సేన్లో పారిస్తావా?"

ఇకమీదట ఎంతటి పెద్దమనిషి గడప తొక్కినా ముందు నా కష్టాలన్నీ ఏకరువు పెట్టి, ఆ తర్వాతే కాఫీ ఇస్తానని తాత పటం ముందు ప్రమాణం చేశాను. పటంలో ఆయన ముఖం చిట్లించినట్టే ఉంది. ప్రమాణం మాత్రం నేటికీ తప్పలేదు. మా ఇంటికి చుట్టాలు తగ్గారు.

చేలో బోరు వేయించాం. మిరప బతికింది, బాగానే కాసింది. బోరు ఖర్చుకు తక్కువ పడితే తాత కుర్చీని నంద్యాల షావుకారికి అమ్మాం.