యాభై మీద బొట్టు

మా నాన్న కారు నడిపితే మీటరు ముల్లు యాభై దాటేది కాదు. మా బంధువర్గంలో ఇది వేదవాక్కు. పెళ్ళి పంక్తిలో కూర్చున్నప్పుడు మా బాబాయిలు "అన్నయ్య కారు వెనక ఎద్దులబండి వస్తే హారన్ కొట్టాల్సిందే" అని నవ్వేవారు. నాన్న కూడా వాళ్ళతో కలిసి నవ్వేసేవారు. అమ్మకు మాత్రం ఒళ్ళు మండేది. "యాభై దాటరు కాబట్టే నా పిల్లలు క్షేమంగా ఉన్నారు" అని పప్పు వడ్డిస్తూ మొహం మీదే అనేసేది.

అంత నెమ్మదిగా నడిచే కారు ప్రతి పెళ్ళికీ అందరికన్నా ముందు ఎలా చేరేదో ఎవరూ అడగలేదు. ఎవరో ఎందుకు, నేనూ అడగలేదు. ఉద్యోగమంతా కాలము, దూరము, వేగము అని బోర్డు మీద రాసి, లెక్క తప్పిన పిల్లల చెవులు మెలేసిన టీచర్ని నేను.

ఆ యాభై నియమం మొదలైంది ఒక దసరా రోజున. నాన్న కాటేదాన్‌లో ఒక ఫ్యాక్టరీలో ఎకౌంట్లు చూసేవారు. రెండు చేతులు మారి మా ఇంటికొచ్చిన పాత ఇంగ్లీషు కారు అది, నల్లటిది. మీటరు స్టీరింగు ఎదురుగా కాక డ్యాష్‌బోర్డు నడుమ ఉండేది కాబట్టి పక్క సీట్లో కూర్చున్న అమ్మకీ బాగా కనిపించేది. ఆయుధపూజ నాడు అందరూ కారు ముందు బానెట్‌కి పసుపు రాసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఊరుకుంటారు. మా అమ్మ ఇంకొక పని చేసేది. ప్రమిదలోని నూనెతో కుంకుమ తడిపి, మీటరు అద్దం మీద అంచుకి ఆనించి, సరిగ్గా యాభై అంకె మీద బొట్టు పెట్టేది. ముల్లు ఆ బొట్టు దాటకూడదు. అరిగిపోతే మళ్ళీ దసరాకి మళ్ళీ అక్కడే.

ఆదివారాల్లో ఆ కారులో కర్నూలు రోడ్డు మీద శంషాబాద్ దాకా వచ్చేవాళ్ళం. అక్కడ నాన్న స్నేహితుడొకాయన ఉండేవారు. వాళ్ళింట్లో నాన్నకి చాయ్, మాకు ఉస్మానియా బిస్కెట్లు. చూపు మందగించి ఇక నడపలేనని తేలాక నాన్న కారుని ఆ స్నేహితుడికే ఇచ్చేశారు. ఇచ్చిన రోజు భోజనం చేయలేదు. అమ్మ కూడా బతిమాలలేదు, ఇద్దరూ మజ్జిగ తాగి పడుకున్నారు.

ఇప్పుడు మేముండేది అదే శంషాబాద్‌లో, అయిదో అంతస్తులో. వంటింటి కిటికీలోంచి విమానాల చక్రాలు లెక్కపెట్టొచ్చు. నాన్న పోయారు. ఆయన పోయాక అమ్మ గడప దాటడం మానేసింది. గుడికి రాదు, పెళ్ళికి రాదు, కింద పార్కులో కూర్చోమన్నా రాదు. "చూసిందంతా చాలే" అంటుంది. బతిమాలాను, కోప్పడ్డాను, తమ్ముడితో ఫోన్లో చెప్పించాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

కంటి పరీక్షకని ఒకసారి బలవంతాన ఆటో ఎక్కించాను. తిరిగొస్తుంటే బస్టాండు దగ్గర పెళ్ళి ఊరేగింపు అడ్డొచ్చింది. బంతిపూల దండల మధ్య ఒక పాత నల్ల కారు, లోపల పెళ్ళికొడుకు. అమ్మ ఆటోలోంచి ఇంత మెడ బయట పెట్టింది. "మన కారే! నెంబరు చూడు" అని నా మోచెయ్యి గిల్లింది. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, "అందులో ఒక్కసారి అలా తిరిగొస్తే బాగుండు" అంది. ఆయన పోయాక మా అమ్మ నోటి వెంట వచ్చిన మొదటి కోరిక అది. నేను ఆ రాత్రే ఫోన్ చేశాను.

నాన్న స్నేహితుడి కొడుకే ఇప్పుడు ఆ కారు చూసుకుంటున్నాడు. పెళ్ళిళ్ళకీ షూటింగులకీ కిరాయికి ఇస్తాడు. "అమ్మ కోసమా అక్కా? గిది అడగాల్నా? రేపే తెస్త" అన్నాడు. అన్నట్టే తెల్లవారి తుడిచి మెరిపించి గేటు ముందు నిలబెట్టాడు. అమ్మ పట్టు అంచు చీర కట్టుకుని దిగింది. తలుపు తీసి, ఒక కాలు లోపల పెట్టి, డ్యాష్‌బోర్డు వంక చూసింది. కాలు వెనక్కి తీసేసుకుంది.

"ఇది మన కారు కాదు."

"నెంబరు నువ్వే చూశావు కదమ్మా!"

"నెంబరుదేముంది, రేకు మీద రాసుకునేది. మీటరు మనది కాదు. నేనెక్కను." లిఫ్టు వైపు నడిచి వెళ్ళిపోయింది. మా తమ్ముడిలాంటి ఆ అబ్బాయి మొహం చిన్నబోయింది.

"అమ్మ చెప్పింది నిజమే అక్కా," అన్నాడు. "పాత మీటర్ల ముల్లు పట్టేసింది. పెళ్ళిళ్ళల్ల వీడియో తీస్తుంటే బండి ఉరుకుతది, ముల్లు సున్నా మీదనే ఉంటది. పరేషాన్ అయ్యి కాటేదాన్‌ల వేరేది ఏయించిన. పాతది ఆడనే ఇడిచిపెట్టి వచ్చిన."

నాకు మాత్రం కారులో ఉన్న మీటరు నూటికి నూరుపాళ్ళు పాతదిలాగే కనిపించింది. గొంతులో ఆ మాట ఉండగానే అతను నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. చుట్టూ ఉన్న రేకు చూడమన్నాడు. ఎండకి వెలిసిన రంగు మధ్యలో మీటరు అంచు చుట్టూ ముదురు వలయం మిగిలింది. అంటే ఇంతకుముందు ఇక్కడున్నది ఇంకాస్త వెడల్పు. బిగించిన స్క్రూల తలల మీద కొత్త గీతలు. తిరిగిన దూరం చూపే అంకెల చక్రాలు తెల్లగా ఉన్నాయి, వెనక పలక మాత్రం పసుపెక్కింది. రెండూ కలిసి ముసలివి కాలేదన్నమాట. అన్నిటికన్నా ముఖ్యం పలక అడుగున చీమ తలంత అంకె. చక్రాలతో పాటు తిరిగే కేబులు ఎన్ని చుట్లు తిరిగితే ముల్లు ఎంత కదలాలో చెప్పే ఒప్పందం అది, ఒక్కో రకం కారుకి ఒక్కోటి. అది కలవకపోతే ముల్లు ఊగుతుంది కానీ అబద్ధం చెబుతుంది. మా కారుకి ఉండాల్సిన అంకె అతను నా అరచేతిలో పెన్నుతో రాశాడు.

మర్నాడు ఆ పాత మీటరు వెతకడానికి ఇద్దరం కాటేదాన్ వెళ్ళాం. మీటర్ల మేస్త్రీ షెడ్డులో ఒక ఇనప డ్రమ్ము, నిండా మీటర్లు. ఏది తీసి అడిగినా ఒకటే మాట. "ఒరిజినలే మేడం. నా తాన డూప్లికేట్ మాటే లేదు."

"ఇందాకటిదీ అదే అన్నావు, ఇదీ అదే అంటున్నావు. రెండూ మా కారువే ఎలా అవుతాయయ్యా?"

"ఒరిజినల్ అన్న గని, మీ కారుది అన్ననా?" అన్నాడు నింపాదిగా. పరీక్షలో నా పిల్లలు రాసే జవాబులు గుర్తొచ్చాయి.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. కొంగు నడుముకి దోపి ఒక్కొక్కటీ గుడ్డతో తుడుస్తూ, అరచేతిలోని అంకెతో పోల్చుకుంటూ పక్కన పెట్టాను. చాలావాటికి కుంకుమ ఉంది. మన దేశంలో కుట్టుమిషను నుంచి లారీ దాకా దేనికి బొట్టు తప్పింది గనక! కాని అందరూ అద్దం నడిమధ్యన పెట్టారు. మధ్యాహ్నానికి అంకె కలిసినవి మూడే మిగిలాయి. మూడూ ఒకే పోలిక. ఎవరో శుభ్రంగా తుడిచేశారు, అద్దాల మీద ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇది దొరక్కపోతే అమ్మ మళ్ళీ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంటుంది, అంతే.

మూడోదాన్ని తలుపు దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో తిప్పాను. అద్దానికీ ఇత్తడి అంచుకీ మధ్య సందులో, సరిగ్గా యాభైకి ఎదురుగా, ఎర్రటి గీత. ఏటేటా నూనెలో తడిసిన కుంకుమ ఆ సందులోకి జారి గట్టిపడిపోయింది. ఎంత తుడిచినా గుడ్డ అంతదాకా వెళ్ళలేదు. అక్కడే గడప మీద కూర్చుని ఏడ్చేశాను. మా నాన్న చేతిగడియారం దొరికినా అంత ఏడ్చేదాన్ని కాదేమో. మేస్త్రీ కంగారుపడి నీళ్ళ సీసా ఇచ్చాడు.

కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసుకుంటే, యాభై కింద సన్నటి ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. గంటకు మైళ్ళు.

"పాత ఇంగ్లీషు బండి గద అక్కా, మైళ్ళే ఉంటయి" అన్నాడు ఆ అబ్బాయి, అదో విశేషమే కానట్టు.

యాభై మైళ్ళంటే ఎనభై కిలోమీటర్లు. ఆనాటి ఆ ఇరుకు రోడ్డు మీద, వెనక సీట్లో మమ్మల్ని పోసుకుని, ఎనభై! బాబాయిల ఎద్దులబండి జోకులకి ఆయన ఎందుకు నవ్వేవారో ఇప్పుడు తెలిసింది. నాన్న మీద కోపమొచ్చింది, వెంటనే నవ్వొచ్చింది, ఆ రెంటి వెనకే భయం కూడా వచ్చింది. అమ్మ పెట్టిన బొట్టుని ఆయన ఒక్కనాడూ దాటలేదు, నిజమే. కాని ఆవిడ నమ్మకం వేరు, ఆ ముల్లు చెప్పింది వేరు. జీవితమంతా బంధువుల ముందు "యాభై దాటరు" అని తలెత్తుకున్న మనిషికి ఈ వయసులో ఇది చెప్పాలా? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. చెప్పకూడదనే నిశ్చయించుకున్నాను.

పట్టేసిన ముల్లుని మేస్త్రీ నూనె వేసి కదిలించాడు. వారం తిరిగేసరికి మీటరు దాని చోట్లో కూర్చుంది. ముదురు వలయం మీద అంచు అతికినట్టు సరిపోయింది. అమ్మని మళ్ళీ కిందికి తెచ్చాను. తలుపు తీసి వంగి చూసింది. లోపల కూర్చుని, సంచీలోంచి కుంకుమ భరిణె తీసింది. నూనె సీసా కూడా తెచ్చుకుంది. కుంకుమ అద్దిన వేలు నేరుగా యాభై మీదికి వెళ్ళింది.

నా నిశ్చయం అక్కడితో సరి. చిన్నప్పటి నుంచీ కడుపులో మాట దాచుకోలేని దాన్ని. "అమ్మా, అవి మైళ్ళు. కిలోమీటర్లు కావు" అనేశాను.

అమ్మ భరిణె మూత తిప్పుతూ నా వంక చూసింది. "నాకు తెలియదనుకున్నావా? పక్కన మైలురాళ్ళు చకచకా పోతుంటే నేనేమైనా కళ్ళు మూసుకు కూర్చున్నానా?"

"మరి నాన్న..."

"ఆయన నలభై మీద పెట్టమన్నారే. పిల్లలున్నారు, నలభై చాలన్నారు. నేనే యాభై మీద పెట్టాను. యాభైకి వస్తేగాని కిటికీలోంచి గాలి రాదు." భరిణె సంచీలో పెట్టుకుంటూ, మెల్లగా అంది. "నేను పెట్టాను కాబట్టి అక్కడిదాకా వెళ్ళేవారు. పిరికి మనిషి. నాకోసం వెళ్ళేవారు."

కారు నేనే నడిపాను. అబ్బాయి వెనక కూర్చుని తన బండికేమవుతుందోనని సీటు అంచు పట్టుకున్నాడు. ఎయిర్‌పోర్టు వైపు రోడ్డు ఉదయాన్నే కావడంతో ఖాళీగా ఉంది. ముల్లు ముప్ఫై దగ్గర వణుకుతోంది. "జర మెల్లగ అక్కా" అన్నాడు వెనకనుంచి.

అమ్మ కిటికీ అద్దం పూర్తిగా దింపి, ముందుకి వంగి, మీటరు మీద గోటితో తట్టింది.

"బొట్టు ఇక్కడ పెట్టాను" అంది.

నేను ఆక్సిలరేటరు నొక్కాను.