రెండో బ్రేకు

డ్రైవింగ్ స్కూల్లో ఆయన్ని అందరూ బ్రేకు మాస్టారు అంటారు. ఎదురుగా అనరు, అంత ధైర్యం ఎవరికుంది? నేర్పే కారులో మాస్టారి సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది, ఆపద వస్తే తొక్కడానికి. ఆయనకి రోడ్డు మీద కనిపించేదంతా ఆపదే. మలుపు ఆపదే, కుక్క ఆపదే, గోడకి ఆనించిన సైకిలూ ఆపదే. ఇరవై రెండేళ్ళుగా తొక్కీ తొక్కీ, జతలో కుడి చెప్పు ఎప్పుడూ ముందు అరిగిపోతుంది. ఇంట్లోనూ అదే వరస. ఎవరేం మొదలుపెట్టినా "ఆగు, ఆగు" అంటాడు.

ఆయన భార్య చిన్నపిల్లల బడిలో ఆయా. తొమ్మిదేళ్ళుగా బడి వ్యానులో వెనక కూచుని పిల్లల్ని ఎక్కించడం, దించడం, వాంతులు తుడవడం. వ్యాను నడిపే పెద్దాయన కళ్ళు ఆనడం లేదని, నాలుగు నెలల్లో మానేస్తానని చెప్పాడు. "లైసెన్సు తెచ్చుకో, నీకే ఇస్తాను. సెలవులయ్యి బడి తెరిచేదాకా చూస్తాను" అంది మేడం. ఆ రోజు ఆవిడ కాళ్ళు నేల మీద ఆనలేదు.

మొగుడే నేర్పాడు. నేర్పాడనే అనాలి మరి. ఆవిడ ఆపాలనుకునేలోపే ఆయన కాలు తొక్కేసేది. నెల తిరిగాక పరీక్ష. ఆ కారులో రెండో బ్రేకు లేదు. గీత దగ్గర ఆపమంటే, ఇంకెవరో ఆపుతారని ఆవిడ పాదం ఎదురుచూసింది. కారు గీత దాటి వెళ్ళి స్తంభాన్ని ముద్దుపెట్టుకుంది.

"నడపడం రాక కాదండీ, ఆపడం రాక పోయింది. ఒక్కసారైనా నన్ను ఆపనిచ్చారా?" అంది ఇంటికొచ్చాక.

ఆ మాట ఆయనకి గుచ్చుకుంది. పాపం, నిజంగానే గుచ్చుకుంది. మర్నాడే ఆవిణ్ణి కారెక్కించి తను కాలు మడుచుకు కూచునుంటే ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు. ఆయన మాత్రం పుస్తకాల షాపుకెళ్ళాడు.

అలవాట్లు మార్చుకోవడం ఎలాగో చెప్పే పుస్తకాలు ఒకదాని తరవాత ఒకటి అయిదు కొన్నాడు. ఒకటి ఇరవై ఒక్క రోజులు చాలంది. ఇంకోటి అరవై ఆరంది. మూడోది అద్దం ముందు నిలబడి "నేను ఓర్పుగలవాణ్ణి" అని పదిసార్లు అనమంది. అనే ఓర్పు లేక నాలుగోసారికే మానేశాడు. స్కేలు పెట్టి మంచి మాటల కింద గీతలు గీశాడు. నోటుబుక్కులో అరవై ఆరు గళ్ళు గీసి, బ్రేకు తొక్కని రోజున ఒక టిక్కు పెట్టాడు. తప్పితే మళ్ళీ ఒకటి నుంచి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదనేవాళ్ళకి బుద్ధి చెబుతానన్నాడు.

"మరి నాకెప్పుడు నేర్పుతారు?"

"ఆగు. ముందు నన్ను నేను సరిచేసుకోనీ. సగం మారినవాడు నేర్పితే మళ్ళీ ఫెయిలవుతావు."

"పోనీ, మీ స్కూల్లో ఇంకో మాస్టారి దగ్గర నేర్చుకోనా?"

"నా పెళ్ళాం ఇంకొకడి దగ్గర నేర్చుకుంటే నా పరువేం కాను?"

ఇరవై తొమ్మిదో రోజున ఒక బంతి రోడ్డు మీదికి దొర్లుకొచ్చింది. ఉత్త బంతే, వెనక ఎవరూ లేరు. కాలు తొక్కేసింది. నోటుబుక్కు మళ్ళీ ఒకటికి వచ్చింది. "ఇంకా రెండు నెలలే ఉందండీ" అందావిడ. ఆయన పేజీ మధ్యలో వేలు పెట్టుకుని "ఒక్క నిమిషం" అన్నాడు. ఆలస్యం అమృతం విషం అనే ముక్క ఆ అయిదింటిలో ఏ ఒక్కదాంట్లోనూ లేదు కాబోలు.

ఈసారి ఆయన మారాడు. మారలేదంటే నా నోరు పడిపోతుంది. కాలు వెనక్కి మడిచి, చెమటలు కక్కుతూ, నోరు మూసుకుని కూచున్నాడు. శిష్యులు వరసగా పాసయ్యారు. ఓనరు భుజం తట్టాడు. బయటివాళ్ళ దగ్గర పూర్తిగా మారి, ఆ మారిన మనిషిని భార్యకి ఇద్దామని ఆయన ఆశ. అందులో మోసం లేదు. నాకు మండేది అందుకే.

అరవై ఆరో టిక్కు పెట్టిన సాయంత్రం స్కూలు కారు అడిగి తెచ్చుకుని, ఇంటి ముందు ఆపి హారను కొట్టాడు. ఎవరూ బయటికి రాకపోతే తనే లోపలికెళ్ళాడు. బల్ల మీద మిఠాయి డబ్బా ఉంది.

"ఎవరిచ్చారు?"

"మీ శిష్యురాలు. మొదటి పరీక్షకే పాసయిందట. మా బడి వ్యాను ఆవిడకే ఇచ్చారు. బడి తెరిచి వారమైంది. ఆవిడ నడుపుతోంది, నేను వెనక కూచుంటున్నాను."

"వారమైతే నాకు చెప్పలేదేం?"

"మూడుసార్లు మొదలుపెట్టాను. మీరు చదువుకుంటున్నారు." డబ్బా మూత తీసి ఆయన ముందుకి జరిపింది. "మాస్టారు ఒక్కసారి కూడా బ్రేకు తొక్కలేదమ్మా అని తెగ మెచ్చుకుంది. తినండి. అంతా మీ కాలి చలవ."

ఆయన తినలేదు. నోటుబుక్కు తెరిచి ఆవిడ ముందు పెట్టాడు. "చూడు, అరవై ఆరు. నిజంగా మారానే. ఇంక తొక్కను, ఒట్టు. పద, కారెక్కు, ఇప్పుడే నేర్పుతా."

ఆవిడ గళ్ళన్నీ ఓపిగ్గా చివరిదాకా చూసింది. తిట్టినా బాగుండేది.

"నేర్చుకుని ఎక్కడికి నడపమంటారు?" అంది.