శుక్రవారం నాటి గుండు

బొంబాయి కామాఠిపురలో, గదికో కాపురం ఉండే మా చాళ్ రెండో అంతస్తు వరండాలో రాజమల్లు అనే ముసలి మేస్త్రీ ఒక శుక్రవారం పొద్దున చచ్చిపోయి, మధ్యాహ్నం లేచి చాయ్ తాగాడు. కొడుకు కోసం చచ్చాడు, కొడుకు కోసమే లేచాడు. నా కళ్లతో చూశాను.

సరే, పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా అన్నది కొంచెం సాగదీసిన మాట. ఒక తల గొరగడానికి మంగలికి ఎంతసేపు పడుతుందో అంతసేపే. చచ్చాడన్నది కూడా డాక్టర్లు ఒప్పుకునే మాట కాదు. కానీ దుప్పటి ముఖం మీదికి లాక్కున్నది నిజం, చాయ్ తాగింది నిజం. దానివల్ల ఒక మనిషి జైలుకు పోకుండా ఇంటికి వచ్చాడు, అది అన్నిటికన్నా నిజం. ఆ ముసలాయన కొడుకు పేరు దుర్గయ్య. ఇది అతని కథ.

దుర్గయ్య తాత పాలమూరు నుంచి రాళ్లు మోయడానికి బొంబాయి వచ్చాడు. తండ్రి రాజమల్లు రాళ్లు మోసీ మోసీ మేస్త్రీ అయ్యాడు. దుర్గయ్య మాత్రం రాయి ముట్టలేదు. ఫోర్టు అనే ఆఫీసుల పేటలో ఒక పాత భవనంలో లిఫ్టు నడిపేవాడు. ఇనుప కటకటాల తలుపున్న లిఫ్టు, లోపల నిలువెత్తు అద్దం. ఆ అద్దమే అతన్ని చెడగొట్టింది. పైకి పోతూ ఒకసారి, కిందికి వస్తూ ఒకసారి తల దువ్వుకునేవాడు. నుదుటి మీద సముద్రపు అలలాగా లేచి, విరగబోతూ ఆగిపోయినట్టుండే జుట్టు. చమేలీ నూనె వాసన మనిషి కంటే ముందు మెట్లెక్కి వచ్చేది. వానాకాలంలో అందరూ గొడుగు కింద అన్నం డబ్బా దాచుకుంటే ఇతను జుట్టు దాచుకునేవాడు. దసరాకు చాళ్‌లో నాటకం వేస్తే రాజు వేషం అతనిదే. నటన అంతంతమాత్రం. కానీ కిరీటం లేకపోయినా రాజులాగే ఉంటాడని అందరూ ఒప్పుకునేవాళ్లు.

పంతొమ్మిది వందల ఎనభై మూడు. కలర్ టీవీలు కొత్తగా వచ్చిన రోజులు. మా గల్లీ దాటి పెద్ద రోడ్డు ఎక్కగానే ఒక టీవీ దుకాణం ఉండేది. ఒకరోజు పట్టపగలు, దుకాణం నిండా జనం ఉండగా, గుండు చేయించుకున్న మనిషొకడు ఒక టీవీ పెట్టె భుజాన పెట్టుకుని నింపాదిగా బయటికి నడిచాడు. దుకాణం సేఠ్ అతన్ని తన హమాలీయే అనుకున్నాడు. అనుకుని ఊరుకోలేదు, "జర సంభాల్ కే, లోపల అద్దం ఉంది" అని చెప్పి తలుపు కూడా పట్టుకున్నాడు. దొంగ తల ఊపి వెళ్లిపోయాడు. ఆ పూటంతా సేఠ్ టీవీ పోయినందుకు కంటే తలుపు పట్టుకున్నందుకు ఎక్కువ ఏడ్చాడట.

పోలీసులు గుండు కోసం బయల్దేరారు. మా చాళ్‌లో వాళ్లకు దొరికిన గుండు సాయిలుది.

సాయిలు కూలి. పొద్దున్నే నాకా దగ్గర, అంటే కూలీలు పనికోసం నిలబడే మూలమలుపు దగ్గర, నిలబడేవాడు. ఎవరైనా మేస్త్రీ పిలిస్తే పని, లేకపోతే లేదు. ఆ దొంగతనానికి రెండు రోజుల ముందే అతని తండ్రి పోచయ్య దినాలు జరిగాయి. సముద్రం ఒడ్డున సాయిలు, అతని పాలివాళ్లు ఇద్దరు, ముగ్గురూ గుండ్లు చేయించుకున్నారు. పాలివాళ్లు ఆ రాత్రే ఊరికి బండెక్కారు. భార్య యాదమ్మకు నెలలు నిండుతున్నాయని సాయిలు ఆగిపోయాడు. అదే అతని నేరం. దొంగతనం జరిగిన పూట నాకా దగ్గరే నిలబడ్డానన్నాడు. పని దొరకలేదు కాబట్టి చూశానని చెప్పే మేస్త్రీ లేడు. టీవీ కోసం హవల్దార్లు అతని ఖోలీ వెతికారు. ఆ ఒక్క గదిలో హవల్దార్లకే చోటు చాలక ఒకరి బూటు ఒకరు తొక్కుకున్నారు. టీవీ దొరకలేదు. సాయిలును మాత్రం తీసుకుపోయారు.

ఇక మిగిలింది గుర్తింపు పరేడ్. పట్టుకున్న మనిషిని అతనిలాంటి మరికొందరి మధ్య వరుసలో నిలబెడతారు. సాక్షి వచ్చి, వీడే అని చెయ్యి వేయాలి. ఒక మేజిస్ట్రేటు చూస్తాడు, ఇద్దరు పెద్దమనుషులు సంతకాలు పెడతారు. ఆ ఇద్దరిలో ఒకడిగా నన్ను పిలిచేవాళ్లు. కాన్వెంటులో ఫాదర్లు బెత్తంతో నేర్పిన ఇంగ్లీషు నాకు మంచి ఉద్యోగమేదీ తెచ్చిపెట్టలేదు గానీ, ఠాణాలో ఒక కుర్చీ మాత్రం ఇప్పించింది.

ఠాణాకు తళేకర్ అని కుర్ర సబ్ ఇన్‌స్పెక్టర్ కొత్తగా వచ్చాడు. పుస్తకాల పురుగు. నన్ను పక్కకు పిలిచి, తన బాధ చెప్పుకున్నాడు. అమెరికాలో ప్రొఫెసర్లు ఒక పరిశోధన చేశారట. క్లాసులో అందరి ముందు ఉత్తుత్తి దొంగతనం చేయించి, తర్వాత ఆ దొంగను చూపించమంటే సగానికి పైగా విద్యార్థులు తప్పు మనిషిని చూపించారట. చూపించినవాళ్లు అబద్ధమాడలేదు, ఒట్టేసి మరీ చెప్పారట.

"కాకా, మన సేఠ్‌కు గుర్తున్నది గుండు ఒక్కటే. వరుసలో ఒకే గుండు ఉంటే పరేడ్ ఎందుకు, వేలు పెట్టి చూపించినట్టే కదా," అన్నాడు.

"అందరి తలలకూ రుమాళ్లు కట్టించు," అన్నాను.

"అడిగాను. గుండు చూడకపోతే గుర్తుపట్టలేనన్నాడు సేఠ్."

ఆ మాటతోనే కేసు కొట్టేయవచ్చునని నాకు అనిపించింది. పెద్ద ఇన్‌స్పెక్టర్‌కు అనిపించలేదు. రోడ్డు మీద ఎవరు దొరికితే వాళ్లను తెచ్చి నిలబెట్టు, శనివారం పొద్దున్నే తేల్చెయ్ అన్నాడట. తళేకర్ బతిమాలి ఒక్క మాట సంపాదించాడు. అప్పటిలోగా ఆరుగురు గుండ్లవాళ్లు తమంతట తాము వస్తే వాళ్లనే నిలబెడతారు.

ఈ మాట నేను చాళ్‌కు మోసుకొచ్చాను. దుర్గయ్య దాన్ని నా చేతిలోంచి లాక్కున్నాడు. శుక్రవారం సెలవు పెట్టి, వరండాలో కుళాయి దగ్గర నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"తండ్రి లేనోళ్లందరు ముందలికి రాండ్రి. మీకేం పోయింది? ఎంట్రుకలే గద, మల్ల మొలుస్తయ్. పోచయ్యకు ఇంకో దినం జేసినమనుకోండ్రి."

"మంచిగ జెప్పినవ్," అన్నాడు బుచ్చయ్య అనే కూలి. "ఆ సేఠ్ నామీద చెయ్యేస్తే? నా పెండ్లానికి నువ్వు వండిపెడ్తవా?"

"అట్లేం గాదన్నడు తళేకర్ సాబ్. నిలవడ్డోళ్లను లోపలెయ్యరు."

"సాయిలుకు సుత గట్లనే జెప్పి తోల్కపోయిండ్రు. ఊకెనే అడుగుతం, పంపిస్తమని."

అందరూ నవ్వారు. కానీ మెట్ల దగ్గర యాదమ్మ కూర్చుని ఉంది. ఎవరినీ ఏమీ అడగలేదు. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని కుళాయి నీళ్లు చూస్తోంది. కాసేపటికి బుచ్చయ్య గొణుక్కుంటూ తలకు చుట్టిన తువ్వాల విప్పాడు. అతని వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. మంగలి కిష్టయ్య పెట్టె తెరిచి వరండాలోనే కూర్చున్నాడు. ఐదు గుండ్లు అయ్యాయి. ఆరోది లేదు. చాళ్‌లో తండ్రిలేని మగవాళ్లలో మిగిలినవాళ్లు ఆ పాటికే పనుల్లోకి పోయారు, లేదా పోయినట్టు తలుపులేసుకున్నారు.

మొదటి అంతస్తు అంజమ్మకు నోరు పెద్దది. దుర్గయ్యను కిందనుంచి పైదాకా చూసింది.

"అందరి తలకాయలు జమ జేసినవ్ గద బిడ్డా. నీది ఏడ దాసినవ్?"

దుర్గయ్య చెయ్యి దానంతటదే జుట్టు మీదికి పోయింది. "మా బాపు ఉన్నడు గద, అవ్వా."

"ఉన్నడు. సాయిలుకు లేడు. ఇగ యాదమ్మకు సాయిలు సుత ఉండడు."

తండ్రి ఉండగా కొడుకు గుండు చేయించుకోవడం మావాళ్లలో ఎంత పట్టింపో చెప్పనక్కర్లేదు. దేవుడి మొక్కైతే సరే. ఊరికే గొరిగించుకుంటే చావును ఇంటికి పిలిచినట్టే. దుర్గయ్య కిష్టయ్య ముందు కూర్చున్నాడు, మళ్లీ లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. ఈలోగా కబురు లోపలికి పోయి, అతని తల్లి తారాబాయి ఉరుకుతూ వచ్చింది.

"శుక్రారం పూట! నా మొగడు ఇంట్ల కూసోని రొట్టె తింటుంటే నువ్వు గుండు జేయించుకుంటవారా? పాగల్ అయినవా?"

రాజమల్లు ఆమె వెనకే వచ్చాడు, చేతిలో రొట్టె ముక్కతోనే. సంగతి విన్నాడు. యాదమ్మను చూశాడు. రొట్టె ముక్క నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు.

"తండ్రి సస్తేనే గద గుండు?" అన్నాడు.

"గంతే గద," అంది తారాబాయి.

"అయితే నేను సచ్చిన. కానియ్యిండ్రి."

వరండాలో ఉన్న నవారు మంచం మీద వెల్లకిలా పడుకుని, దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. కిష్టయ్య వేళ్లు నీళ్లలో ముంచి దుర్గయ్య తల తడిపాడు. కత్తి నుదుటి దగ్గర మొదలైంది. నల్లని అల విరిగి ఒళ్లో పడింది. దుర్గయ్య కళ్లు మూసుకున్నాడు.

దుప్పటి కింది నుంచి గొంతు వచ్చింది. "కిష్టిగా, కత్తి మొద్దువారిందా ఏంది? జల్ది జెయ్యి, ఊపిరాడ్తలేదు."

తారాబాయి కళ్లు తుడుచుకుంటూ మంచం కోడును కాలితో తన్నింది. "సచ్చినోడు మాట్లాడ్తడా? గమ్మునుండు."

పని కాగానే రాజమల్లు లేచి కూర్చుని చాయ్ అడిగాడు. కొడుకు తల నిమిరి, "నీ మొకం ఇట్లుంటదని ఇయ్యాల తెలిసింది," అన్నాడు. కిష్టయ్య ఆ జుట్టును కాగితంలో పొట్లం కట్టి లోపల పెట్టుకున్నాడు. విగ్గులవాళ్లు కొంటారట.

శనివారం పొద్దున ఠాణా మేడ మీది హాలు. మేజిస్ట్రేటు ముసలాయన, మర్యాదస్తుడు, కాస్త చెవుడు. పోలీసులందరినీ బయటికి పంపించాడు. ఏడు గుండ్లు వరుసగా నిలబడ్డాయి. నీ ఇష్టమొచ్చిన చోట నిలబడు అంటే సాయిలు పోయి దుర్గయ్య పక్కన నిలబడ్డాడు. దొంగ వరుసలో లేకపోవచ్చు, తెలియకపోతే తెలియదని చెప్పు అని సేఠ్‌కు ముందే చెప్పాలని తళేకర్ కోరిక. మేజిస్ట్రేటు చెబుతానని తల ఊపాడు, తీరా సేఠ్ లోపలికి రాగానే మరచిపోయాడు.

సేఠ్ మొదటి నుంచి నడవడం మొదలుపెట్టాడు. చెడ్డవాడేమీ కాదు, ముఖంలో కోపం కూడా లేదు. ఎలాగైనా సరిగ్గా చెప్పాలన్న ఆత్రం ఉంది. అదే నన్ను భయపెట్టింది. ఒక్కొక్క ముఖాన్నీ చూస్తున్నాడు, ఎక్కడా ఏమీ దొరకడం లేదు. అప్పుడు సాయిలు మోకాళ్లు వణకడం మొదలైంది. లుంగీ అంచు ఆకులా ఊగుతోంది. సేఠ్ చూపు అటు తిరుగుతోంది.

పక్కనున్న దుర్గయ్య అంతకన్నా గట్టిగా వణకడం మొదలుపెట్టాడు.

నాటకాల్లో ఒక్క ఈల కూడా వేయించుకోని మనిషి! పెదవులు తడుపుకున్నాడు. చూపు నేలమీదికి దించాడు, పైకెత్తాడు, సేఠ్ చూడగానే దొంగలా తిప్పుకున్నాడు. గుండు మీద చెమట మెరిసింది. అది నటనో నిజమో నేను ఈ రోజుకీ చెప్పలేను. సేఠ్ రెండడుగులు ముందుకు వేసి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"యహీ హై. సౌ టక్కా, నూటికి నూరు పాళ్లు వీడే. ఈ కళ్లు నేను మరచిపోను."

మేజిస్ట్రేటు రాసుకున్నాడు. మేం సంతకాలు పెట్టాం. తళేకర్ లోపలికి వచ్చి కాగితం చదివాడు. నవ్వు రాకుండా పెదవి కొరుక్కుని, సేఠ్‌ను అడిగాడు. "దొంగ తల నున్నగా ఉందన్నారు. నిజమేనా?"

"దేవుడి మీద ఒట్టు."

శుక్రవారం సంగతంతా నా దగ్గర ముందే విని ఉన్న తళేకర్, పొట్లంతో సహా కిష్టయ్యను పిలిపించాడు. కిష్టయ్య పొట్లం విప్పాడు. చమేలీ వాసన హాలంతా పరచుకుంది. నిన్న పొద్దుటి దాకా ఇది ఈయన తల మీదే ఉందని, చాళ్ అంతా సాక్ష్యమని చెప్పాడు. సేఠ్ ఆ జుట్టునూ, ఆ గుండునూ మార్చి మార్చి చూశాడు. కుర్చీలో కూర్చుండిపోయాడు. "నాకు ఖాయంగా అనిపించింది, సాబ్," అన్నాడు చాలా చిన్నగా. అతను అబద్ధమాడలేదు. అతనికి గుర్తున్నది ఒక గుండు, మిగతా మనిషిని అతని సిగ్గే గీసి పెట్టింది.

గుర్తుపట్టిన సాక్షి లేడు, దొరికిన సొత్తు లేదు. పెద్ద ఇన్‌స్పెక్టర్ రెండు రోజులు గొణిగి సాయిలును వదిలేశాడు. నెల తిరగకముందే యాదమ్మకు ఆడపిల్ల పుట్టింది. టీవీ ఈ రోజుకీ దొరకలేదు. తళేకర్ ఆ పరేడ్ గురించి పై అధికారులకు ఏదో రాశాడు. వాళ్లు చదివారో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత నేను కుర్చీలో కూర్చున్న ప్రతి పరేడ్‌లోనూ మాత్రం, తెలియకపోతే తెలియదని చెప్పు అన్న మాట సాక్షికి ముందే చెప్పించేవాణ్ని. మేజిస్ట్రేటు మరచిపోతే దగ్గేవాణ్ని.

దుర్గయ్య జుట్టు మళ్లీ వచ్చింది. ఆ అల మాత్రం రాలేదు, చదునుగా వచ్చింది. అది ఇంకా పూర్తిగా పెరగకముందే, మరుసటి ఏడు వానాకాలంలో రాజమల్లు నిజంగానే పోయాడు. డెబ్బై దాటిన మనిషి, సిమెంటు దుమ్ము మింగిన ఊపిరితిత్తులు. ఆసుపత్రిలో డాక్టరు అదే చెప్పాడు. కానీ దినాల నాడు ఎవరో ఒకామె, పేరెందుకు, అందరికీ వినపడేలా అంది. "ఆ శుక్రారం నాడే సావును ఇంటికి పిలిచిండ్రు గద."

తారాబాయి ఆమెతో మళ్లీ మాట్లాడలేదు. దుర్గయ్య కిష్టయ్య ముందు తల వంచి కూర్చున్నాడు, ఈసారి లేవలేదు.

ఇదంతా రాసి, మొన్న ఫోర్టుకు పోయి అతని లిఫ్టులో నిలబడి చదివి వినిపించాను. పైకీ కిందికీ పోతూ విన్నాడు, ఎక్కేవాళ్లు ఎక్కుతున్నారు, దిగేవాళ్లు దిగుతున్నారు. అద్దం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చదవడం అయిపోయాక కటకటాల తలుపు లాగి నన్ను బయటికి దించాడు.

"అంత ఝూట్, కాకా. నేను ఠాణా మెట్లెక్కలే. ఏ సేఠూ నామీద చెయ్యెయ్యలే. మా బాపు మంచం మీద పండుకున్నడంటే నిద్రొచ్చి పండుకున్నడు. ఆయన బతికుండంగ నేను గుండు జేయించుకోనే లేదు."